డాబా మీద కొత్త ఖాతా

మా శాఖకు సోలార్ రుణం కోసం వచ్చేవారు సాధారణంగా రెండే ప్రశ్నలు అడుగుతారు. నెలకు వాయిదా ఎంత? సబ్సిడీ ఎప్పుడు పడుతుంది? ప్యానెళ్లు డాబా ఎక్కిన తరువాత వాటిని చూసుకునేది ఎవరు అన్న మూడో ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఒకసారి బిగిస్తే పాతికేళ్లు చూడక్కర్లేదన్న మాట ఎక్కడో విని, అందరూ నిశ్చింతగా సంతకం పెట్టి వెళ్తారు. నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. ఎవరూ చూడని ఖాతా ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే మన పత్రిక పాఠకులతో ఈ నాలుగు మాటలు పంచుకుంటున్నాను.

ఇళ్లపై సౌర విద్యుత్తు కోసం కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ‘పీఎం సూర్యఘర్’ పథకం ప్రారంభించింది. 3 కిలోవాట్లు, ఆ పైన పెట్టుకునే ఇంటికి 78,000 రూపాయల సబ్సిడీ. బరంపురంలోని మా ఇంటిపై ఆ ఏడాది నవంబరులో ఒక్కొక్కటి 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెట్టించాం. మా ఊరి అక్షాంశం సుమారు 19 డిగ్రీలు. అంత వాలుతోనే వాటిని దక్షిణముఖంగా నిలబెట్టారు.

అంతవరకు ఆ డాబా మా అమ్మ సామ్రాజ్యం. వేసవిలో వడియాలు, చింతపండు, మిరపకాయలు. ఏడాది పొడుగునా తులసికుండీ, ఆరవేసిన బట్టలు. 2016లో నాన్నగారు పోయిన దగ్గర నుంచి ఇంకొకటి చేరింది. రోజూ పొద్దున్నే అమ్మ పిట్టగోడ మీద గుప్పెడు గింజలు, కాసింత అన్నం పెడుతుంది. కాకులు, పావురాలు, అప్పుడప్పుడు గోరువంకలు వస్తాయి. మా డాబాకు కొత్తగా అద్దెకు దిగినవారు ప్యానెళ్లే గాని పక్షులు కావు.

అమ్మకు మొదట్లో వీటి మీద అంత నమ్మకం కుదరలేదు. ఒక మధ్యాహ్నం వీధిలో కరెంటు పోతే మా ఇంట్లోనూ ఫ్యాను ఆగింది. "ఎండ ఇంత కాస్తుంటే కరెంటు లేకపోవడమేమిట్రా?" అని అడిగింది. మాది బ్యాటరీ లేని పద్ధతి. ప్యానెళ్ల కరెంటును ఇన్వర్టరు ఇంట్లో వాడుకునే కరెంటుగా మారుస్తుంది. మిగిలింది మీటరు గుండా వీధి తీగల్లోకి పోతుంది. రాత్రికి అక్కడి నుంచే తిరిగి తెచ్చుకుంటాం. తీగల్లో కరెంటు పోగానే ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోవాలి. లేకపోతే స్తంభమెక్కి మరమ్మతు చేసే లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగులుతుంది. ఈ మాట చెప్పగానే అమ్మ, "అయితే ఆగడమే మంచిది. అతనికీ పిల్లలుంటారు" అంది.

ప్యానెళ్లకు శబ్దం లేదు, కదలిక లేదు. జబ్బు చేసినా చెప్పవు. వాటి నాడి అంకెల్లోనే దొరుకుతుంది. అందుకని మొదటిరోజే ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. తేదీ, సాయంత్రం ఇన్వర్టరు చూపే ఆనాటి యూనిట్లు, ఆకాశం ఎలా ఉంది, విశేషాలు అని నాలుగు గడులు. పోల్చుకోవడంలో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. జూలైలో మబ్బు కమ్మిన రోజు 4 యూనిట్లే వచ్చాయని కంగారు పడకూడదు. ఏ నెలనైనా పోయిన ఏడాది అదే నెలతో పోల్చాలి, బ్యాంకులో డిపాజిట్ల లెక్క చూసినట్టు. రెండోది, ఎండ మండితే కరెంటు పెరుగుతుందనుకోవడం పొరపాటు. ప్యానెల్ శక్తిని లెక్కగట్టేది 25 డిగ్రీల దగ్గర. ఆపైన ప్రతి డిగ్రీకీ నూటికి 0.35 వంతు దాకా తగ్గుతుంది. మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలకు వేడెక్కితే నూటికి పన్నెండు వంతులు అక్కడే పోయినట్టు.

2025 ఫిబ్రవరిలో ఆకాశం నిర్మలంగా ఉన్న రోజుల్లో మాకు 14 యూనిట్లు వచ్చేవి. మార్చి మూడోవారానికి అవి 11కు దిగాయి. వేడి వల్ల అంత తగ్గదు. పైకెక్కి చూస్తే సంగతి తెలిసింది. చలికాలమంతా పేరుకున్న దుమ్ము ఒకటి, దాని మీద పక్షుల రెట్టలు ఒకటి. గింజలు పెట్టే పిట్టగోడ ప్యానెళ్లకు మూరెడు దూరంలోనే ఉంది. పక్షులు గింజలు తిని, ప్యానెళ్ల అంచున కూర్చుని విశ్రాంతి తీసుకుంటున్నాయి.

దుమ్ము పలచని తెర వంటిది. వెలుగును అంతటా కొంచెం కొంచెం తగ్గిస్తుంది. రెట్ట అలా కాదు. ప్యానెల్ లోపల గళ్లన్నీ వరుసగా కలిపి ఉంటాయి. ఒక గడి మూసుకుపోతే మిగిలినవాటి కరెంటుకూ అది అడ్డు. అందుకే ప్రతి ప్యానెల్లో పక్కదారి పట్టించే డయోడ్లు పెడతారు. అప్పుడు ఆ భాగాన్ని వదిలేసి మిగతాది పనిచేస్తుంది. కాని మూసుకున్న గడి వేడెక్కుతుంది. చాలాకాలం అలాగే వదిలేస్తే అక్కడ శాశ్వతంగా మచ్చ పడుతుంది. వాన కొంత దుమ్మును కడుగుతుందేమో గాని, ఎండిన రెట్టను వదిలించలేదు.

రోజుకు 3 యూనిట్లు, యూనిట్‌కు 5 రూపాయలు వేసుకున్నా 15 రూపాయలు, నెలకు 450. లెక్క ప్రకారం గింజలు మానిపించడం ఒక్క మాటతో అయ్యే పని. కాని ఆ మాట చెప్పవలసింది అమ్మకు. మోకాళ్ల నొప్పులతో ఆమె గుడికి వెళ్లడం మానేసింది. వంటిల్లు కోడలికి అప్పగించింది. మెట్లు మాత్రం రోజూ ఒక్కొక్కటిగా ఎక్కుతుంది. ఎనభైకి దగ్గరపడిన మనిషికి పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉండాలి కదా. నా శ్రీమతి మెల్లగా, "ఏమండీ, ముందు అత్తయ్యగారికి మీ పుస్తకం చూపించండి. తరువాతే ఏమైనా చేద్దాం" అంది.

పుస్తకం చూపించాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, 14 నుంచి 11 దాకా అంకెల మీద వేలు పెట్టి దిగింది. "రోజుకు పదిహేను రూపాయలా! నా గింజలకో అయిదు. మొత్తం ఇరవై రూపాయల కాకులన్నమాట" అని నవ్వింది. కాసేపాగి, "కాకికి గింజ ముఖ్యం గాని గోడ కాదురా. అటు ట్యాంకు పక్కన పెడతాలే" అంది. అది ఉత్తరపు కొస, ప్యానెళ్లకు దూరం. నాలుగు రోజుల్లో పక్షులు అక్కడికే రావడం నేర్చుకున్నాయి.

ఇంకొక చిక్కు మిగిలింది. మూడో ప్యానెల్ కింద పావురం గూడు కట్టి రెండు గుడ్లు పెట్టింది. చుట్టూ ఇనుప వల బిగిద్దామని మనిషిని పిలిస్తే అమ్మ ఒప్పుకోలేదు. "పిల్లలు ఎగిరిపోయాక కట్టుకోండి" అంది. అలాగే ఆగాం. అంతవరకు పదిహేను రోజులకోసారి కడగవలసినవాటిని వారానికోసారి కడిగాను. మే నెల మధ్యలో గూడు ఖాళీ అయింది, వల పడింది. నా పుస్తకంలో ఆ వారాల విశేషాల గడిలో నేను ‘పావురాలు’ అని రాస్తే, మా అమ్మాయి పక్కన ‘అద్దె బాకీ’ అని చేర్చింది.

కడిగే పద్ధతి చెబుతాను. సూర్యోదయానికి ముందో, పూర్తిగా చల్లబడ్డాకో కడగాలి. కాలిన అద్దం మీద చల్లని నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది. ముందు ఇన్వర్టరు ఆపి, రెండు వైపుల స్విచ్చులూ దించాలి. దించినా పగటివేళ ప్యానెళ్ల తీగల్లో కరెంటు ఉంటుంది. ఆరూ వరుసగా కలిస్తే 250 వోల్టుల పైమాటే. కాబట్టి తీగలు, వాటి కలుపులు ముట్టకూడదు. రెట్టలను ముందు నీళ్లతో నాననివ్వాలి, గోకకూడదు. పొడవాటి కర్రకు కట్టిన మెత్తని గుడ్డ చాలు. సబ్బుపొడి, పీచు వద్దు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆరాక తెల్లని పొర మిగులుతుంది. కుళాయి నీళ్లు వాడి, వైపరుతో వెంటనే లాగేయాలి. ప్యానెల్ మీద కాలు పెట్టకూడదు. కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. మొదటిసారి కడిగిన మర్నాడు మాకు 13.5 యూనిట్లు వచ్చాయి. తగ్గిన ఆ అర యూనిట్ వేడి ఖాతాలో వేసుకున్నాను.

గంజాం తీరంలో ఉన్నవాళ్లం కనుక మాకు ఇంకొక పని ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఆ గాలులు ఎరిగినవారికి వాలుగా నిలబెట్టిన ప్యానెల్ తెరచాపలాగే కనిపిస్తుంది. అందుకే ఏటా సెప్టెంబరులో బిగించినవారిని పిలిపించి ప్రతి నట్టూ, క్లాంపూ సరిచూపిస్తాం. ఉప్పుగాలికి తుప్పు పట్టినచోట జింకు రంగు వేయిస్తాం. తుఫాను హెచ్చరిక వస్తే స్విచ్చులు దించి, డాబా మీద కుర్చీలు, రేకులు లోపలికి తెచ్చేస్తాం. సూర్యఘర్ పథకం కింద బిగించినవారు అయిదేళ్లు నిర్వహణ చూడాలి. ఆ కాగితం జాగ్రత్త చేసుకోండి. వేసవిలో ఎర్తింగు సరిగా ఉందో లేదో కూడా వారిచేతే కొలిపించండి.

చివరగా ఒక బ్యాంకు మాట. ప్యానెళ్లు పాతికేళ్లు పనిచేసినా ఇన్వర్టరు అంతకాలం రాదు. పది పన్నెండేళ్లకు మార్చుకోవలసి ఉంటుందనుకోవడం మంచిది. నేను నెలకు 300 రూపాయల రికరింగ్ డిపాజిట్ తెరిచాను. పదేళ్లకు అసలే 36,000 అవుతుంది. తరుగుదల నిధి అంటే ఇదే.

ప్యానెళ్ల గ్యారంటీ పూర్తయ్యేసరికి నాకు ఎనభై దాటుతుంది. అప్పుడు ఆ మెట్లు నేను ఎక్కగలనో లేదో. మా ఉద్యోగంలో బదిలీ అయితే తాళాలు, పుస్తకాలు అప్పగించి సంతకం తీసుకుని కదులుతాం. ఆడిట్ పని మీద నేను వేరే ఊళ్లకు వెళ్లిన రోజుల్లో ఇప్పటికే మా అమ్మాయి పుస్తకం రాస్తోంది. దస్తూరీ నాకంటే బాగుంది. మీ డాబా మీద ప్యానెళ్లు ఉంటే మీరూ ఒక నోటుపుస్తకం తెరవండి. అంకె తగ్గిన రోజు ఎవరినో పిలిచే ముందు ఒకసారి పైకెక్కి చూడండి. అక్కడ ఇంట్లోవారి పని ఏదైనా అడ్డు కనిపిస్తే, మాన్పించడానికి ముందు దానికి మరో చోటు ఉందేమో వెతకండి.