కారు కారుతోంది

రాసి చూసుకుంటే నవ్వొచ్చే వాక్యమే గానీ, మా ఆవిడ అన్నప్పుడు నవ్వలేకపోయాను. తులసికోట దగ్గర దీపం పెట్టబోయి, అగ్గిపుల్ల గీయకుండానే ప్రమిద పట్టుకుని వెనక్కి వచ్చేసింది. "ఏమండీ, మీ కారు కారుతోంది. పెట్రోలు వాసన అక్కడిదాకా కొడుతోంది. అది బాగయ్యేదాకా దీపం లోపలే," అంది. ఊరెళ్ళేటప్పుడు అది మన కారు. ఆగినా కారినా నాది.

మాది 1986 అంబాసిడర్. నాన్న కొన్నది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో పేరు మార్చుకుని, 2014 మే దాకా కొద్దికొద్దిగా ముఖం దిద్దుకుంటూ బతికిన వంశం. మాదాని పొట్టలో 1489 సీసీ పెట్రోలు ఇంజను ఉంది. బోనెట్ ఎత్తితే ప్రతి భాగమూ కంటికి ఆనుతుంది, చేతికి అందుతుంది. చిక్కల్లా అక్కడే. అందుతోంది కదా అని నాలాంటివాడికి కూడా ధైర్యం వస్తుంది.

దీపం సంగతిలో ఆవిడ జంకు ఉత్తిది కాదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పొగలా పైకి పోదు, నీళ్ళలా పల్లం వెతుక్కుంటూ నేలమీద పాకుతుంది. మా పోర్టికో కన్నా తులసికోట రెండు మెట్లు పల్లం. పైగా ఆ ఆవిరి మంటకి వేడి అక్కర్లేదు, సున్నాకి నలభై డిగ్రీల దిగువన కూడా నిప్పురవ్వ తగిలితే చాలు. బెజవాడ మే నెల సంగతి ఇక చెప్పాలా? అన్నిటికీ మించి, ఈ ఇంజనులో కార్బొరేటర్ కిందుగానే సైలెన్సర్‌కి పోయే పొగగొట్టాల మొదలు ఉంటుంది. కాలే పెనం మీద పెట్రోలు సీసా వేలాడదీసినట్టే.

నిజం చెప్పాలంటే ఆ వాసన నాకు నెలరోజులుగా తెలుసు. పాత కార్ల వాళ్ళ ముక్కులకి ఒక జబ్బుంటుంది. మొదటి వారం వాసన, రెండో వారం అనుమానం, మూడో వారానికి అదే బండి స్వభావం అనిపిస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే "పాత బండి కదా" అంటాం, అదేదో వంశ గౌరవమైనట్టు.

ఇంజనాయిలు కారితే సాక్ష్యం వదుల్తుంది. పొద్దున్నే గచ్చు మీద నల్లటి రూపాయి బిళ్ళంత మచ్చ, దాని పైన చూస్తే సరిగ్గా దొంగ. పెట్రోలు అలా కాదు. వేడి ఇంజను మీద పడ్డదల్లా పడ్డట్టే ఆరిపోతుంది. మిగిలేది లేత గోధుమరంగు చార, అదీ కళ్ళజోడు పెట్టుకుంటేనే.

పెట్రోలు పంపు అడుగున అలాంటి చార కనబడింది. అంతే, దొంగ దొరికాడనుకున్నాను. ఈ పంపు పాతకాలపుది, కరెంటుతో పనిలేదు. ఇంజను లోపలి క్యామ్‌షాఫ్ట్ ఒక మీటని తొక్కుతూంటే, పంపులోని రబ్బరు పొర పైకీ కిందికీ ఆడుతూ వెనక ట్యాంకులోంచి పెట్రోలు లాగి కార్బొరేటర్‌కి తోస్తుంది. ఆ పొరనే డయాఫ్రమ్ అంటారు. ముసలి బండిలో ముందు చిరిగేది అదేనని ఎక్కడో విన్నాను. ఒక ఆదివారం బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పక్కనపెట్టి, బకెట్టెడు ఇసుక దగ్గర ఉంచుకుని, పంపు విప్పి కొత్త డయాఫ్రమ్ వేశాను. సోమవారం వాసన అలాగే ఉంది. ఆ కోపంలో పంపు నుంచి కార్బొరేటర్‌కి పోయే ట్యూబు క్లిప్పులు పళ్ళు బిగించి బిగించాను. మంగళవారం వాసన ఇంకా పెరిగింది.

బుధవారం మేస్త్రికి కబురు పెట్టాను. ఆటోనగర్‌లో యాభై ఏళ్ళ క్రితం పానాలు అందించే కుర్రాడిగా చేరి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇళ్ళకొచ్చి మాత్రమే పని చేసే మనిషి. వచ్చి, కాఫీ తాగి, పానా ముట్టకుండా ఆయిలు పుల్ల బయటికి లాగి వాసన చూశాడు.

"ఆయిల్లో పెట్రోలు వాసన లేదండి. డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు కిందకి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు పలచనవుద్ది, లెవెలు పెరుగుద్ది. లేదంటే పంపు ఒంటికున్న చిన్న బెజ్జంలోంచి కారుద్ది. ఇక్కడ రెండూ లేవు. దాన్నెందుకు మార్చారు?"

నేను కప్పు లోపల పెట్టొస్తానని లేచాను.

తరవాత అతను అడిగిన ప్రశ్న నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. "పంపుకి ముందా, తరవాతా?" ట్యాంకుకీ పంపుకీ మధ్య ట్యూబు చిట్లితే సాధారణంగా బొట్టు కారదు. అక్కడ పంపు పీలుస్తూ ఉంటుంది గనక ఆ చిట్లులోంచి గాలి లోపలికి పోతుంది. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కిళ్ళు పెడుతుంది, పొద్దున్న ఓ పట్టాన స్టార్టవదు, వాసన మాత్రం ఉండదు. పంపు దాటాక పెట్రోలు తోపుడు మీద ఉంటుంది, చిట్లితే బయటికే. మా బండికి ఎక్కిళ్ళు లేవు, వాసన ఉంది. అంటే వెతకాల్సింది జానెడు దూరంలో. నాలుగు మీటర్ల పైచిలుకు బండిని జానెడుకి కుదించడానికి అతనికి పట్టింది ఒక్క ప్రశ్న.

ఇంజను చల్లగానే ఉంది. అంతా పొడిగుడ్డతో తుడిచి, "పాపాయి పౌడరేమైనా ఉందామ్మా?" అని మా ఆవిణ్ణి అడిగాడు. జాయింట్ల మీద పల్చగా అద్దాడు. పంపుకి చేత్తో కొట్టే చిన్న మీట ఒకటుంటుంది. ఇంజను స్టార్ట్ చెయ్యకుండానే దాన్ని కొడుతూ పోయాడు. కార్బొరేటర్ తొట్టి నిండి, ఫ్లోటు లేచి నీడిల్ మూసుకున్నాక ట్యూబులో ఒత్తిడి నిలిచింది. తెల్లటి పౌడరు మీద నల్లటి తడి ముందు పంపు దగ్గర కాదు, కార్బొరేటర్ చివర క్లిప్పు అంచున కనబడింది. అక్కణ్ణుంచి ట్యూబు కిందిభాగం పట్టుకుని జారుకుంటూ వచ్చి పంపు మీద బొట్టయింది. నేను తడి చూసిన చోటు, కారిన చోటు కాదు.

క్లిప్పు విప్పితే రబ్బరు సగానికి తెగి ఉంది. "పీక నొక్కేశారండీ," అన్నాడు. ట్యూబు మీద వేలు రాసి చూపించాడు, మసిలా నలుపు అంటింది. "ఇది పెట్రోలు ట్యూబు కాదు, కూలర్‌కి వేసే నీళ్ళ ట్యూబు. ఎవడేశాడో గానీ..."

వేసింది నేనే. నాలుగేళ్ళ క్రితం, 60 రూపాయలు మిగిలాయని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నది కూడా నేనే. ఆ సంగతి ఆవిడకి జ్ఞాపకం ఉందని ఆవిడ చూపు చెప్పింది.

అప్పటికీ ఇప్పటికీ పెట్రోలు కూడా మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది. పాతకాలపు రబ్బర్లకి ఆ ఇథనాల్ పడదు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని మెత్తబడి మసి వదుల్తాయి, ఆరినప్పుడు చిట్లుతాయి. అసలైన పెట్రోలు ట్యూబుల్లో కూడా ఇథనాల్‌కి తట్టుకునే రకం అడిగి తీసుకోవాలట. నా నీళ్ళ ట్యూబు నాలుగేళ్ళు ఎలా నిలబడిందో మేస్త్రికే అంతుబట్టలేదు.

నాన్న హయాంలో ఒకసారి ఏలూరు రోడ్డు మీద ట్యాంకుకి రాయి తగిలి కారుతూంటే, లారీ డ్రైవరెవరో బట్టల సబ్బు మెత్తగా పిసికి కన్నంలో కూరాడు. పెట్రోలుకి సబ్బు ఓ పట్టాన కరగదు. ఇల్లు చేరాం. ఆ సబ్బు ఆర్నెల్లు అలాగే ఉంది. ఈ పొదుపు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే వెతకక్కర్లేదు.

కొత్త ట్యూబు, రెండు కొత్త క్లిప్పులు, పది నిమిషాల పని. క్లిప్పుని రబ్బరు కొద్దిగా ఉబ్బేదాకా మాత్రమే తిప్పి వదిలేశాడు. మళ్ళీ పౌడరద్ది, మీట కొట్టి, పావుగంట కూర్చున్నాడు. తెలుపు తెలుపుగానే ఉంది. ఆ సాయంత్రం దీపం తులసికోట దగ్గరికి తిరిగొచ్చింది.

వెళ్ళేముందు మేస్త్రి పాత ట్యూబుని బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి తన సంచిలో వేసుకున్నాడు. "మీ దగ్గరుంటే మళ్ళీ వేస్తారు," అన్నాడు. అటక మీద ఇంకో మీటరున్నర ఉందని నేను చెప్పలేదు.