డూపు లేని షాటు

మీరెప్పుడైనా సొంత ఊళ్ళో టూరిస్టుగా దిగారా? నేను దిగాను. రైల్లోనో బస్సులోనో కాదు... ఓడలో! మెడలో ఓడ వాళ్ళిచ్చిన కార్డు, నెత్తిన టోపీ, కళ్ళకి నల్లద్దాలు. టెర్మినల్‌లో ఒకాయన చిరునవ్వుతో "వెల్‌కమ్ టు వైజాగ్ మేడమ్!" అన్నాడు. "మాది గోపాలపట్నమేనండీ" అనబోయి, ఎందుకో నోరు మూసుకున్నాను.

ఎందుకో కాదు లెండి. కారణం ఉంది.

నా ఉద్యోగం మద్రాసులో. చెన్నై అనాలిట, మా ఇంట్లో ఇప్పటికీ మద్రాసే. ఆఫీసులో మేం నలుగురం ఒక జట్టు. తెనాలి పిల్ల, నిజామాబాద్ పిల్ల, మదురై పిల్ల, నేను. ఓడ ప్రయాణం ఆలోచన తెనాలి పిల్లది. మద్రాసులో ఎక్కడం, ఒక పగలంతా సముద్రం చూడ్డం, వైజాగ్‌లో ఒక పూట దిగి ఊరు చూసి మళ్ళీ ఎక్కడం. నిజం చెప్పొద్దూ, నేను ముందు అనుకున్నది నాన్నని తీసుకెళ్దామని. ఆయన పోర్టులో క్రేన్ల దగ్గర కళాసీగా చేరి, ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. ఎన్ని ఓడల్లోంచి సరుకు పైకి తీశారో లెక్కలేదు గానీ ప్రయాణికుడిగా ఒక్క ఓడా ఎక్కలేదు. ఫోన్లో అడిగితే, "ఓడలో ఏటుంటాదమ్మా, అంతా చూసీసినాను. నువ్వూ నీ స్నేహితులూ ఎల్లండి" అన్నారు.

"అయితే ఆ రోజు ఇంటికొస్తావా?" అని అడగలేదు. నేనే ముందుగా, "టైముండదు నాన్నా, కైలాసగిరి చూపించి తీసుకొచ్చేస్తారట" అన్నాను.

అబద్ధం. మనసుంటే గోపాలపట్నం గట్టిగా గంట ప్రయాణం. కాని అమ్మ పోయి ఏడాది దాటలేదు. అమ్మ లేని ఇంట్లోకి అరగంట కోసం వెళ్ళి, నాన్నొక్కరినీ అక్కడే వదిలేసి మళ్ళీ లేచి రావడం నావల్ల కాదనిపించింది. టోపీ, నల్లద్దాలూ ఆ పూట బాగానే పనికొచ్చాయి.

అన్నట్టు, మా రేవు సంగతి కాస్త చెప్పాలి. విశాఖ పోర్టు మొదలైందే ప్రయాణికుల ఓడతో. 1933 అక్టోబరు 7న సింధియా వారి 'జలదుర్గ' లోపలికి రావడంతో రేవు తెరుచుకుంది. మా చిన్నప్పుడు ప్రయాణికుల ఓడంటే అండమాన్ ఓడే. పెట్టెలు, పరుపుచుట్టలు, ఏడుపులు! ఇప్పుడు 2023లో ప్రారంభించిన క్రూయిజ్ టెర్మినల్ ఉంది. అద్దాలు, చల్లగాలి. ఏడ్చేవాళ్ళెవరూ కనిపించలేదు, అందరూ సెల్ఫీలే.

ఇక కైలాసగిరి. నలభై అడుగుల శివపార్వతులు, చుట్టూ తిరిగే బుల్లి రైలూ నాకు కొత్త కాదు. కొత్తది జిప్‌లైను. 2025లో వచ్చింది. ఒక చివరి నుంచి రెండో చివరికి ఉక్కు తాడు బిగించి, మనిషిని కప్పీకి వేలాడదీసి వదిలేయడమే! కోస్టారికా అడవుల్లో 1970లలో చెట్ల తలల మీద బతికే జీవుల్ని పరిశీలించడానికి శాస్త్రవేత్తలు కట్టుకున్న తాళ్ళు ఈ సరదాకి దారి చూపాయట. ఇప్పుడు ఓడ ఆగే చాలా రేవుల్లో ఇదో తప్పనిసరి తతంగం. అలాస్కాలో హూనా అనే పల్లె దగ్గర 5,330 అడుగుల తాడుంది. ఓడ దిగినవాళ్ళు కొండమీంచి సముద్రం వైపు జారతారు. హైతీలో లాబడీ దగ్గర ఓడలు ఆగిన రోజుల్లోనైతే నీళ్ళ మీదుగానే జారేవారు. రెండ్రోజులు నీళ్ళ మీద ఊగొచ్చినవాడికి మళ్ళీ గాల్లో ఊగాలని ఎందుకనిపిస్తుందో ఆ అప్పన్నకే తెలియాలి!

మాది మరీ అంత పొడుగు కాదు. అయినా మెట్లెక్కి ఆ మంచె మీద నిలబడితే తెలుస్తుంది. ఒక పక్క భీమిలి వైపు ఒంపు తిరిగిన తీరం, ఇంకో పక్క దూరంగా డాల్ఫిన్ నోస్, మధ్యలో నీలం. 1978లో 'మరోచరిత్ర' తీసిన సముద్రమిదే అని మదురై పిల్లకి గొప్పగా చెబుతూనే ఉన్నాను. చెబుతుండగానే కిందికి చూశాను. మోకాళ్ళు నావి కావనిపించింది.

మా జట్టులో హీరో నిజామాబాద్ పిల్ల. ఎగిరే ఫైటు ఏ సినిమాలో ఉన్నా మొదటాట చూడాల్సిందే. అలాంటిది బెల్టులు బిగిస్తుంటే ముఖం పాలిపోయి, "ముందు నువ్వెళ్ళు, నీ ఊరు కదా!" అంది. ఊరికీ దీనికీ ఏం సంబంధమో! తెరమీద హీరో గాల్లో లేస్తే ఈలలేస్తాం. జానపదాల కాలంలో సన్నటి తీగ కనపడకుండా లైటింగు సర్దేవారు, ఇప్పుడు కంప్యూటర్లో తుడిచేస్తున్నారు. తీగ కనపడకపోతేనే హీరో. నాకు మాత్రం తీగ తప్ప ఇంకేమీ కనపడలేదు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

"ఎక్కడున్నావమ్మా?"

"కైలాసగిరి మీద, నాన్నా."

"నేనూ కొండ మీదే. నీలం టోపీ నువ్వేనా?"

గబగబా కిందికి దిగాను. గొడుగు, గుడ్డసంచీ, ఇస్త్రీ చొక్కా. రెండు బస్సులు మారి వచ్చారు. "ఇంత దూరం ఎందుకొచ్చారు?" అంటే, "దూరమేటి? గిరిప్రదక్షిణకి ముప్ఫై రెండు కిలోమీటర్లు నడిచీవాణ్ణి. ఈ కొండ కింద నుంచే కదా" అన్నారు. నాకు టైము లేదని, తనకి ఉందని, అందుకే వచ్చానని... ఎంత మామూలుగా అన్నారో! నల్లద్దాలు తియ్యాలంటే భయమేసింది.

ఆయన చూపు అప్పటికే తాడు మీద పడింది. జిప్‌లైను సంగతి దాచినందుకు తిడతారనుకున్నాను. తిట్టలేదు. తాడు కట్టిన స్తంభం దగ్గరికి నడిచి, కంచె ఇవతలే వంగి చూశారు. తర్వాత అక్కడి కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, ఈ రోపు ఎన్నాళ్ళకోపాలి చూస్తారు?" అన్నారు. వాడు మొదట నవ్వాడు. రెండో ప్రశ్నకి నవ్వు మానేశాడు. మూడోదానికి, "మీరు చూడండి సార్" అని కంచె తలుపు తీశాడు.

నాన్న తాడు మీద చెయ్యి వేసి మెల్లగా రాశారు. తర్వాత మాకు పాఠం! వైర్ రోపంటే ఒకటే తీగ కాదట. సన్న తీగలు పేనితే ఒక పాయ, అలాంటి పాయలు కలిపి పేనితే తాడు. "నూలుతాడు చెప్పకుండా తెగిపోద్ది. ఇది అలాక్కాదు, ముందు ఒక్కో తీగా తెగి ముల్లులాగ బైటికొస్తాది. చేతికి గుచ్చుకుంటే ఆ రోపు తీసీయాలి. ఇక్కడ ఒక్కటీ లేదు." టన్ను బరువెత్తే స్లింగుకి ఐదు టన్నులకి గాని తెగని రోపు వాడేవారట పోర్టులో. "అయితే ఈ మధ్యలో ఎందుకు కిందికి వాలింది అంకుల్, బిగించలేదా?" అంది తెనాలి పిల్ల. "తిన్నగా బిగించీస్తే మనిషి బరువుకి ఎన్నో రెట్లు లాగుడు పడతాది తల్లీ. అందుకే వదులు వదిలారు. క్లాంపులు చూడు, అన్నీ ఒకేవైపు తిరిగున్నాయి. పని తెలిసినోడే కట్టాడు."

ముప్ఫై నాలుగేళ్ళు ఆయన ఏం పని చేసేవారో నేను మొట్టమొదటిసారి చూసింది అప్పుడే. ఇంటికొచ్చాక చేతులకి కిరసనాయిలు రాసుకుని గ్రీజు కడుక్కోవడమే నాకు తెలుసు.

మళ్ళీ మంచె ఎక్కాను. నాన్న "భయపడకు" అనలేదు, "వద్దు" అనీ అనలేదు. "చెప్పులిచ్చీయ్, జారిపోతాయి" అన్నారంతే. నా చెప్పులు చంకలో పెట్టుకుని నిలబడ్డారు. కుర్రాడు రెండు కొక్కేలూ తగిలించి, లాగి చూసి, "రెడీనా మేడమ్?" అన్నాడు. నేను నాన్న వైపు చూశాను. ఆయన నన్ను కాదు, కప్పీని చూస్తున్నారు.

కాళ్ళు ఎత్తేశాను.

ఎన్ని సెకన్లో తెలీదు. కప్పీ ఝుమ్మంది, గాలి చెవుల్లో హోరెత్తింది, కడుపు మాత్రం మంచె మీదే ఉండిపోయింది. కేక వేద్దామనుకున్నాను, రాలేదు. ఎదర బ్రేకు తగిలి ఒక్క కుదుపుతో ఆగాక గాని ఏడుస్తున్నానని తెలియలేదు. గాలికి కళ్ళు నీళ్ళు కారాయని అందరికీ చెప్పాను.

నిజామాబాద్ హీరో కూడా చివరికి వెళ్ళింది, కళ్ళు మూసుకుని. మదురై పిల్ల రెండుసార్లు వెళ్ళింది.

తర్వాత చెట్టు కింద సంచీ విప్పారు. పులిహోర! అందులో ఇంగువ ఎక్కువ, అచ్చం అమ్మ చేసినట్టే. "మీ అమ్మ గాని ఉండుంటే ఇయాల నిన్నూ నన్నూ ఇద్దర్నీ చంపీసేది" అన్నారు నాన్న నవ్వుతూ. ఆవిడ పోయాక మా ఇద్దరి మధ్యా అమ్మ మాట రావడం అదే మొదలు. ఇద్దరం నవ్వాం. ఆగకుండా నవ్వాం. పిల్లలు మమ్మల్ని వింతగా చూస్తూ పులిహోర ఖాళీ చేశారు.

టైమైపోయింది. ఓడ మన కోసం ఆగదు కదా. "దీపావళికి వస్తాను, నాలుగు రోజులుంటాను" అన్నాను. "సరే" అన్నారు. చెప్పులు ఇంకా ఆయన చంకలోనే ఉన్నాయి.

సాయంత్రం ఓడ కదిలాక మళ్ళీ ఫోను. చుట్టూ అలల చప్పుడు.

"ఎక్కడున్నారు నాన్నా? ఇంటికెళ్ళలేదా?"

"కురుసురా కాడున్నాను, బీచ్‌లో. మీ ఓడ కనపడతాంది. లైట్లన్నీ వెలిగినాయి. నువ్వెక్కడున్నావు?"

"వెనకవైపు, పై అంతస్తులో. తెల్ల చున్నీ ఊపుతున్నాను, కనిపిస్తోందా?"

కాసేపు మాట రాలేదు. వెతుకుతున్నారు కాబోలు.

"కనపట్టం లేదమ్మా" అన్నారు. "అయినా ఊపు. ఊపుతుండు."