కరివేపచెట్టు చుట్టము

కరివేపాకుపై పక్షిరెట్టవలె కనబడు పురుగును మనలో చూడనివా రరుదు. అది నిమ్మసీతాకోకచిలుక శిశువు. నిమ్మ, నారింజ, మారేడు, కరివేప యొక్క కుటుంబపు చెట్లే. తల్లి వాని లేతయాకులపై గ్రుడ్లు పెట్టును. అందుచే దట్టమైన యడవులకన్న మన పెరళ్లే దానికి ప్రియమైన నివాసములు.

పురుగు ఎదిగినకొలది రెట్టరంగు విడిచి పచ్చనగును. ముట్టితిమా, తలవెనుకనుండి నారింజవన్నె కొమ్ములజంటను వెలికిదీసి ఘాటైన వాసన విడుచును. పిదప పట్టుదారముతో నడుము గట్టుకొని కొమ్మ నంటియుండి, కొన్నిదినములకు నల్లనిరెక్కలపై పసుపుమచ్చలు, వెనుకరెక్కల కొన నెఱ్ఱబొట్టు దాల్చి వెలువడును.

దీని యాకలి సామాన్యము కాదు. 2004లో డొమినికన్ రిపబ్లిక్కున కానవచ్చినప్పుడు, అచ్చటి నిమ్మతోటలకు చేటగునని భయపడిరి.

మా కరివేపమొక్క మూరెడైనను లేనప్పుడు పురుగులు పట్టగా, మా యత్తగారు మందు చల్లింపుమనిరి. కూరలో వేయు నాకుపై విషమా? చంపుటకును చేయి రాలేదు. ఆకులతోగూడ త్రుంచి, పొరుగు పిన్నిగారి యనుమతితో వారి పెద్దచెట్టుపై నుంచితిని. "మొక్క దక్కినది, పాపమును తప్పినది" అని అత్తగారు నవ్విరి.

లేతమొక్కకు నాలుగు పురుగులే మృత్యువు. ముదిరినచెట్టు కొన్ని యాకులు పోయినను మరల చిగిర్చును. కావున మందుసీసా తెచ్చుటకు ముందు చెట్టు వయస్సు చూడుడు. పెద్దదైనచో రెండు రెబ్బలు ఆ చుట్టమునకు విడువుడు.