తొమ్మిదో ప్రశ్న

జనాభా లెక్కలు వస్తున్నాయంటే మనం ఇరుగుపొరుగుకు పనిగట్టుకుని చెబుతాం, మాతృభాష దగ్గర తెలుగు అనే రాయించండని. లెక్కలో లేనివాళ్ళకు బడి ఉండదు, పుస్తకం ఉండదు. ఇది మనకు అనుభవమే. 2011 జనగణన ఫారంలో అది పదో ప్రశ్న. దానికి ముందున్న తొమ్మిదో ప్రశ్న వైకల్యం గురించి. దాని గురించి మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ ఏడాది హోసూరు దగ్గర ఒక పల్లెలో లెక్కలు రాయడానికి పంతుళ్ళతో పాటు నన్నూ వేశారు. ఒక ఇంట్లో పదేళ్ళ పిల్ల గోడ పట్టుకుని నడిచివచ్చి నాకు నీళ్ళిచ్చింది. తొమ్మిదో ప్రశ్న అడిగాను. "మా ఇంట్లో అట్లాంటోళ్ళు ఎవురూ లేరు సార్" అంది వాళ్ళవ్వ. రేపు పెళ్ళికి అడ్డమొస్తుందని ఆమె భయం. పక్కింటి తాతకు పొద్దు గూకితే గడప కనపడదు. "వయసు పైబడింది, అంతే కదప్పా" అన్నాడాయన. ఇద్దరూ లెక్కలోకి రాలేదు.

ఆ జనగణన ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2.68 కోట్లు, జనాభాలో 2.21 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రపంచం మొత్తంమీద 16 శాతమని అంచనా వేసింది. కొలబద్దలు వేరు కావచ్చు. కానీ అడిగే తీరును బట్టి కూడా జవాబు మారుతుంది. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం కింద 2001లో ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ "వైకల్యం ఉందా" అని అడగమనదు. అద్దాలు పెట్టుకున్నా చూడటం కష్టమా? వినటం? నడవటం, మెట్లెక్కటం? గుర్తుపెట్టుకోవటం? స్నానం, బట్టలు? చెప్పింది ఎదుటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పటం? ఇవీ దాని ఆరు ప్రశ్నలు. కష్టం లేదు, కొంచెం, చాలా, అసలు చేయలేను అని నాలుగు జవాబులు. ఇందులో సిగ్గుపడవలసిన మాట ఒక్కటీ లేదు.

తలలు లెక్కపెట్టినంత మాత్రాన బతుకు తెలియదు. 2018 జాతీయ నమూనా సర్వేలో వైకల్యం ఉన్నవాళ్ళను విడిగా అడిగితే, ఏడేళ్ళు, ఆపైనవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు 52.2 శాతమనీ, ధ్రువపత్రం ఉన్నవాళ్ళు 28.8 శాతమేననీ తేలింది. వైకల్యం ఉన్నవాళ్ళలో కొందరు ఇతరులకన్నా 20 ఏళ్ళ వరకు ముందుగానే పోతున్నారని ఆ 2022 నివేదికే చెప్పింది. దీనికి వైకల్యం ఒక్కటే కారణం కాదు. పేదరికం, ఎక్కలేని ఆసుపత్రి మెట్లు, చెప్పేది వినిపించుకోని వైద్యం కూడా కారణాలే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే టీకాలు, పిల్లల బరువు చూస్తుంది. 2019-21 విడతలో వైకల్యం గురించీ అడిగారు. ఒకే సర్వేలో రెండూ ఉంటేనే కదా, వైకల్యం ఉన్న బిడ్డకు తక్కిన పిల్లలతో సమానంగా టీకా అందిందో లేదో తెలిసేది! తరువాతి విడతలో ఆ ప్రశ్న తీసేశారు. దానిమీద వికలాంగుల సంఘాలే గొంతెత్తాయి.

భాషను దాచుకోవద్దని ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం మనం. మరి ఇంట్లో మనిషిని దాచుకోవటం ఏం న్యాయం?