గోడ వదిలే గాలి

పాలకొండ దాటి సీతంపేట దారి పట్టండి. కొండలు దగ్గరయ్యేకొద్దీ గాలి చల్లబడుతుంది. ఇది సవరల సీమ. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. సవరల సంప్రదాయంలో గోడకు ముందు ఎర్రమట్టి పూత. అది ఆరాక బియ్యప్పిండిని నీళ్లలో కలిపి, చివర నలగ్గొట్టిన పుల్లతో బొమ్మలు... మనుషులు, ఏనుగులు, నెమళ్లు, సూర్యచంద్రులు! నలుపు కావాలంటే దీపపు మసి. ఇదంతా అందానికి కాదు. పోయిన పెద్దల్ని తలచుకోవడానికి, పంట పండాలని, ఇంట్లో జబ్బులు రాకూడదని. ఒడిశా కొండల్లోని సవరల బొమ్మల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు.

జబ్బు రాకూడదని గోడకు రంగు! మరి మనమో?

కొండ దిగి సముద్రం వైపు వెళ్తే తాటాకు చుట్టిళ్లు ఇంకా అక్కడక్కడా కనిపిస్తాయి. మట్టి గోడ, పేడ అలుకు, సున్నం. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రాయిలా గట్టిపడుతుంది. ఘాటు ఆవిరులు వదలదు. (వేసేటప్పుడు మాత్రం కళ్లు జాగ్రత్త, మంట పుట్టిస్తుంది.)

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఇప్పుడు సున్నం ఎవరడుగుతారు? సంక్రాంతి వస్తోందంటే పెయింటు షాపులు కిటకిటే. కొత్త పెయింటు వాసన మనకి పండగ వాసన. నిజానికది రంగులోని ద్రావకాలు ఆవిరై గదిలోకి రావడం. వీటినే వీఓసీలంటారు. తలనొప్పి, కళ్లమంట, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆయాసం... రంగు ఆరిపోయినా కొన్నాళ్లపాటు కొద్దికొద్దిగా వస్తూనే ఉంటాయి.

అసలు చిక్కు పురిటి గదిలో ఉంది. కూతురు పురిటికి వస్తోందని ముచ్చటపడి గదికి రంగులేయిస్తాం. బాలింతకి చలిగాలి తగలకూడదని కిటికీలు మూసేస్తాం. ఆ ఆవిరంతా పసిగుడ్డుకే! రంగు వేయించాలనుకుంటే నెలా రెండు నెలల ముందే కానిచ్చి, కిటికీలు బార్లా తీసి ఉంచాలి.

డబ్బా కొనేటప్పుడు గోడలకి నీటితో కలిపే రంగే అడగండి. లీటరుకు వీఓసీ 50 గ్రాముల లోపుంటే మేలు. షాపులో మిషన్ మీద కలిపే రంగుల్లోనూ వీఓసీ ఉండొచ్చు, అదీ అడగాలి. పేడతో చేసే ఖాదీ ప్రాకృతిక్ పెయింటు 2021 జనవరిలో వచ్చింది. మన అలుకే, డబ్బాలో!

తలుపుల సంగతి వేరు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. పాత తలుపుల్ని పొడిగా గీకితే ఆ ధూళి ఇల్లంతా పరుచుకుంటుంది. తడిపి గీకించండి. ఆ పూటకి పిల్లల్ని పక్కింటికి పంపేయండి.