మొండి ప్రాణం

మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లో, డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలతో ఓ ప్రయోగం చేయించాను. 12 కలబంద పిలకలు. ఒకే మట్టి, ఒకే కొలత కుండీలు. మూడింటికి రోజూ, మూడింటికి వారానికోసారి, మూడింటికి పదిహేను రోజులకోసారి 100 మిల్లీలీటర్ల నీళ్ళు. మిగిలిన మూడింటికి చుక్క కూడా లేదు.

మూడు నెలలయింది. రోజూ పోసినవాటిలో రెండు మొదలు కుళ్ళి వాలిపోయాయి. వారానికోసారి పోసినవి కొత్త పిలకలేశాయి. అసలు పోయనివి చావలేదు. ఆకులు పలచబడి, ఎర్రబారి, లోపలికి ముడుచుకున్నాయి.

'కలబందకు నీళ్ళు అవసరం లేదు' అని రికార్డులో రాశారు పిల్లలు. నేను టిక్కు పెట్టబోయాను.

"బతికింది గానీ పెరగలె గద మేడం. నీళ్ళు వద్దన్నట్టు ఎట్లయితది?" అంది వెనక బెంచీ అమ్మాయి.

నా చెయ్యి ఆగిపోయింది. ఇలాంటి మొక్కలు పగలు పత్రరంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువు తీసుకుంటాయని ఏళ్ళ తరబడి గొప్పగా చెప్పాను. కరువు మరీ ముదిరితే రాత్రి కూడా తెరవవు. తాము వదిలిన గాలినే మళ్ళీ వాడుకుంటూ ప్రాణం నిలుపుకుంటాయి. అప్పుడిక పెరుగుదల ఉండదు. ఆ రెండో సగం నేనెప్పుడూ నొక్కి చెప్పలేదు.

మా అమ్మమ్మది నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఊరు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ ఊరి బోరు నీళ్ళు ఆ హద్దులో ఎన్నడూ లేవు. నడుం బిగుసుకుపోయి వంగినా ఆమె చంకనుంచి బిందె దిగలేదు. 'మొండి ప్రాణం' అని ఊరంతా మెచ్చుకుంది. మేమూ మెచ్చుకున్నాం. మెచ్చుకుంటే బిందె అందుకోనక్కర్లేదు కదా!

ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి పొద్దున ఊళ్ళో బస్సెక్కితే సాయంత్రం ఇంటికి చేరేదాకా నీళ్ళు తాగదు. కాలేజీ బాత్‌రూమ్‌లో నీళ్ళు రావు, తలుపుకి గడియ లేదు. ఆ సంగతి నాకు తెలుసు. నేనూ తాగేదాన్ని కాదు. దాన్ని అలవాటనుకున్నాను.

రికార్డులో ఆ వాక్యం కొట్టేయించాను. 'నీళ్ళు లేకపోయినా ఓర్చుకుంది, అందుకు పెరుగుదలను వదులుకుంది' అని రాయించాను. ఆ సాయంత్రమే బాత్‌రూమ్ కోసం అర్జీ రాశాం. మొదటి సంతకం ఆ అమ్మాయిది, రెండోది నాది. నల్లా రావడానికి ఏడాది పట్టింది. గడియ మాత్రం మర్నాడే మేమే కొని బిగించుకున్నాం.