జ్ఞాపకానికి పరీక్ష

తెలుగు పాఠం చెప్పుకొనే మాకూ కంప్యూటరుకూ ఏమి పొత్తని పాఠకులు నవ్వవచ్చును. కిందటి వేసవిలో మా కళాశాల ప్రయోగశాలలో రెండు ప్రాసెసర్లు గల పాత సర్వరు నొకదానిని పరీక్షిస్తున్నారని విని, కుతూహలం కొద్దీ వెళ్ళి కూర్చున్నాము. "రండి సాబ్, దీని హాఫిజా ఎంత చురుకైనదో చూద్దాం" అన్నారు ఆ శాఖలోని మిత్రులు. జ్ఞాపకాన్ని పరీక్షించడం మా వృత్తి కూడా గదా!

ప్రాసెసరు ఎంత వేగంగా లెక్క కట్టగలిగినా అంకెలు మెమరీ నుండి రావలసినదే. అవి వచ్చేదాకా అది చేతులు ముడుచుకొని కూర్చుంటుంది. ఈ నిరీక్షణ పెరిగి పెరిగి అడ్డుగోడ కాగలదని వుల్ఫ్, మెకీ అనే పరిశోధకులు 1995లో హెచ్చరించారు. దీనిని కొలవడానికి 'స్ట్రీమ్' అనే పరీక్షను రూపొందించినవారు, డెలావేర్ విశ్వవిద్యాలయంలో సముద్ర ప్రవాహాల గణితంపై కృషి చేసిన జాన్ మెకాల్పిన్. అందులో ప్రశ్నలు నాలుగే: ఒక వరుసలోని అంకెలను మరొక వరుసలోకి ఎత్తి వ్రాయడం, స్థిరాంకంతో గుణించడం, రెండు వరుసలను కూడడం, గుణకారమూ కూడికా కలిపి చేయడం. లెక్కలు పసిపిల్లలవి; మోతబరువే పెద్దది. సెకనుకు ఎన్ని బైట్లు కదిలాయన్నదే మార్కు.

మొదట చిన్న వరుసలతో నడపగా అద్భుతమైన ఫలితం వచ్చింది. మేము సంతోషించబోగా మిత్రులు తల అడ్డంగా ఊపారు. "ఇది మోసం సాబ్! అంకెలన్నీ ప్రాసెసరు ఒడిలో ఉండే క్యాష్‌లోనే ఇమిడిపోయాయి. అసలు మెమరీ గడప తొక్కనే లేదు." ఒక్కొక్క వరుస క్యాష్‌కు కనీసం 4 రెట్లు ఉండాలని ఈ పరీక్ష నియమమట. వరుసలను పెంచి మళ్ళీ నడపగా వేగం దిగిపోయింది. నిజమైన మార్కు అదే.

పిమ్మట మిత్రులు తాము వ్రాసిన ప్రోగ్రామును నడిపారు. ఇటువంటి యంత్రంలో ప్రతి ప్రాసెసరుకూ చేరువగా కొంత మెమరీ ఉంటుంది. ఎవరు మొదట తాకితే వారి చెంతనే అంకెలకు చోటివ్వడం లినక్సు అలవాటు. ఆ ప్రోగ్రాములో అన్నిటినీ మొదటి ప్రాసెసరే నింపింది. రెండవది ప్రతి అంకెకూ పొరుగింటి గాదెకు పరుగెత్తవలసివచ్చింది. ఆ గాదె వాకిట ఇద్దరికీ రద్దీ, తన గాదె ఖాళీ. ఎవరి భాగాన్ని వారే నింపుకొనేటట్లు మార్చగానే వేగం పెరిగింది. యంత్రం మాత్రం అదే.

ఆ రాత్రి మాకొక విద్యార్థి గుర్తుకు వచ్చాడు. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవాడు. పద్యం చెప్పిన మరునాడే అప్పజెప్పమనేవారము. ఒడిలో ఉన్నది ఒప్పజెప్పినవారికి మార్కులు వేశాము. ఇతడు ప్రతి తెలుగు మాటకూ ఉర్దూ ఇంటికి పోయి అర్థం తెచ్చుకొనేవాడు, ఆలస్యమయ్యేది. మేము మందమతి అన్నాము. అతడు మరుసటి ఏడు తెలుగు వదలుకొన్నాడు.

ఈ ఏడు నుండి పాఠానికి ముందే కఠిన పదాలకు ఉర్దూ అర్థాలను విద్యార్థుల చేతనే వ్రాయిస్తున్నాము. అప్పజెప్పించుకొనేది నెల గడచిన పిమ్మటనే. మార్కులు మునుపటికన్న తక్కువగానే వస్తున్నవి. కమిటీ పెద్దలు అందుకు కారణమడిగితే, ప్రయోగశాలకు తీసుకొనిపోయి చూపగలము.